రైలుకట్ట మీద కాపలా

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



విజయవాడలోనో, హైదరాబాదులోనో కాపురముంటున్న మనం ఏడాదికి నాలుగైదుసార్లయినా రైలెక్కుతాం. పుట్టింటికనో, పెళ్ళికనో, తిరుపతికనో. రాత్రి బండి అయితే మరీ హాయి. పిల్లలకు ఇంత పెరుగన్నం పెట్టి, దుప్పటి కప్పి, చెప్పులు సీటు కిందికి తోసి, చేతిసంచీ తలకింద పెట్టుకుని పడుకుంటాం. తెల్లారేసరికి వూరొచ్చేస్తుంది. మనం నిద్రపోయిన ఆ ఆరేడు గంటలూ మనల్ని ఎవరు కాపాడారు? ఇంజను డ్రైవరు అంటాం, గార్డు అంటాం, ఆ పైన దేవుడంటాం. ముగ్గురూ నిజమే. కాని నాలుగో మనిషి ఒకడున్నాడు. మన బండి రాకముందే వానలో, చీకట్లో, చేత దీపం పట్టుకుని ఆ కట్ట మీద నడిచి వెళ్ళినవాడు. మనం ఎన్నడూ చూడని ఆ మనిషిని గురించి ఇవాళ చెబుదామనుకుంటున్నాను. అంతకుముందు మా వైపు రైలు ఎలా వచ్చిందో, ఎలా రాలేదో చెప్పాలి. ఆ కథా ఈ కథా ఒకదానితో ఒకటి ముడిపడే వున్నాయి.

మాది నందిగామ దగ్గర పల్లె. కృష్ణాజిల్లా అనగానే కాలవలు, వరిచేలు, కొబ్బరిచెట్లు గుర్తొస్తాయి కదూ? మాది ఆ కృష్ణాజిల్లా కాదండీ. మాది మెట్ట. నల్లరేగడి, పత్తి, మిరప, కంది, మధ్యమధ్య సున్నపురాయి గుట్టలు. వేసవిలో వాతావరణం వార్తలు వినేవారికి నందిగామ ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. 2022 నుంచి నందిగామ, జగ్గయ్యపేట ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చాయి గాని, పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ కృష్ణాజిల్లా అనే వస్తుంది. జగ్గయ్యపేటకు ఆ పేరు పెట్టింది అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. తన తండ్రి జగ్గయ్యగారి పేరు పెట్టుకున్నాడు.

గోల్కొండ నవాబుల కాలం నుంచి బందరు రేవులో దిగిన సరుకు హైదరాబాదు వెళ్ళే రస్తా మా వూళ్ళ మీదుగానే పోయింది. ఇవాళ్టి విజయవాడ - హైదరాబాదు జాతీయ రహదారి ఇంచుమించు ఆ దారే. ఇంత పేరున్న రస్తా పక్కన వుండి కూడా మాకు రైలు లేదు. "రైలు కూత వినాలంటే మధిర పోవాల్సిందేనే" అనేది మా అమ్మమ్మ.

మధిర అంటే నందిగామకు ఇరవై కిలోమీటర్ల పైమాటే. ఖమ్మంమెట్టులో ఇచ్చిన అక్కగారిని చూడటానికి మా అమ్మమ్మ కోడికూతకు ముందే బండి కట్టించుకుని, గడ్డి పరిచిన బండిలో పిల్లల్ని పడుకోబెట్టుకుని బయల్దేరేదట. అయితే అది వట్టి దూరం కాదు. ఆ రోజుల్లో నందిగామ ఇంగ్లీషువాళ్ళ మద్రాసు రాష్ట్రం, మధిర నిజాం నవాబు రాజ్యం. రైలెక్కడానికి మరో ప్రభుత్వం గడ్డ మీదికి పోవాలన్నమాట. అక్కడ చెల్లేది హాలీ రూపాయి. మన రూపాయికీ దానికీ మారకం వేరు. పైగా కరోడ్‌గిరి వాళ్ళు, అంటే సుంకంవాళ్ళు, మూటలు విప్పి చూసేవారట. కొత్త చీర పెట్టెలో కనిపిస్తే సుంకమడుగుతారని, అక్కకు పెట్టాల్సిన చీరను మా అమ్మమ్మ తానే కట్టుకుని వెళ్ళి, అక్కడ తడిపి ఆరేసి ఇచ్చేదట! ఆడవాళ్ళ తెలివికి అణా ఖర్చు లేదు కదండీ.

మరి ఆ రైలు మా రస్తా వెంట రాకుండా మధిర మీదుగా ఎందుకు పోయింది? దీని వెనక పెద్ద కథే వుంది.

సికింద్రాబాదుకు మొదటి రైలు వచ్చింది 1874లో. బొంబాయి నుంచి మద్రాసు పోయే లైను మీద వాడి దగ్గర చీల్చి తెచ్చారు. తరవాత దాన్ని తూర్పుకు, వరంగల్లు వైపు, చాందా వైపు పొడిగించాలని ఆలోచన చేశారు. లండన్‌లో కంపెనీ పెడతారు, పెట్టుబడి వాళ్ళది, దాని మీద వడ్డీ మాత్రం నిజాం ఖజానా హామీగా ఇవ్వాలి. అందుకే ఆ కంపెనీ పేరులోనే 'గ్యారంటీడ్' అనే మాట వుంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్నారు. లాభం వచ్చినా రాకపోయినా వడ్డీ కట్టేది మన రాజ్యమా అని 1883లో హైదరాబాదులో చదువుకున్నవాళ్ళు కొందరు గట్టిగా అడిగారు. అలా అడిగినవారిలో ముఖ్యుడు అఘోరనాథ చటోపాధ్యాయ. హైదరాబాదు కాలేజీకి పెద్ద. ఆయన్ను ఆ ఏడు మే నెలలో ఏకంగా రాజ్యం నుంచే వెళ్ళగొట్టారు. తరవాత మళ్ళీ రానిచ్చారనుకోండి. ఆయన ఎవరో కాదు, మన సరోజినీ నాయుడుగారి తండ్రి. అప్పటికి ఆమె నాలుగేళ్ళ పసిపిల్ల. రైలు దారి ఎవరికోసం వేస్తున్నారు, ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది అన్న ప్రశ్న మన దేశంలో అంత పాతది.

ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఓడిపోయారు, లైను పడింది. 1886కు వరంగల్లు చేరింది. అప్పటికే ఇల్లెందు దగ్గర సింగరేణిలో బొగ్గు వుందని భూగర్భశాస్త్రం వాళ్ళు కనిపెట్టి వున్నారు. డోర్నకల్లు నుంచి ఆ గనులకు కొమ్మ లైను వేశారు. 1889 ఫిబ్రవరిలో అసలు లైను ఖమ్మం, మధిర, కొండపల్లి మీదుగా బెజవాడ వచ్చి చేరింది. రైలు పోయింది బొగ్గున్న దారిని గాని, జనం నడిచే దారిని కాదు. నందిగామ, జగ్గయ్యపేట పక్కకు వుండిపోయాయి.

బెజవాడ చేరినా అప్పటికి కృష్ణమీద రైలు వంతెన లేదు. దక్షిణానికి పోయేవాళ్ళు దిగి, పడవ దాటి పోవలసిందే. వంతెన 1893లో పూర్తయింది. మద్రాసుకు నేరుగా లైను కలిసింది 1899లో. బందరుకు రైలు 1908లో వెళ్ళింది. ఆ తరవాత నిజాం ప్రభుత్వం 1930లో కంపెనీ దగ్గర రైల్వేను కొనేసింది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడితే అందులోకి వచ్చింది. యజమానులు మారారు, బోర్డుల మీద పేర్లు మారాయి. మారనిది ఒక్కటే, ఆ కట్టను రోజూ చూసుకునే పని.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం.

రైలుపట్టా అంటే ఒకసారి వేసేస్తే వందేళ్ళు పడి వుంటుందని చాలామంది అనుకుంటారు. అది తప్పండీ. మనం పొద్దున ఇల్లు వూడ్చి, ముగ్గుపెట్టి, గిన్నెలు తోమి బోర్లిస్తాం. సాయంత్రానికి మళ్ళీ మొదటికే వస్తుంది. చేసినన్నాళ్ళు ఎవరూ చూడరు, ఒక్కపూట మానేస్తే అందరికీ కనిపిస్తుంది. రైలుకట్ట పని అచ్చం అలాంటిదే. బండి పోయిన ప్రతిసారీ ఎంతో కొంత కదులుతుంది. పట్టా కింద స్లీపరు, స్లీపరు కింద కంకర, కంకర కింద మట్టికట్ట. బరువు దిగినప్పుడల్లా కంకర నలుగుతుంది, స్లీపరు కుంగుతుంది, పట్టాను పట్టుకుని వున్న బిగింపులు వదులవుతాయి. రెండు పట్టాల మధ్య ఎడం మన పెద్ద లైనుకు 1,676 మిల్లీమీటర్లు, పాతలెక్కలో అయిదున్నర అడుగులు. అది తేడా వస్తే చక్రం దిగిపోతుంది.

దీన్ని చూడటానికి కొన్ని మైళ్ళకు ఒక గ్యాంగు చొప్పున పెట్టారు. గ్యాంగుకు పెద్ద మేస్త్రీ, వాళ్ళ భాషలో మేటు. కింద గ్యాంగ్‌మన్లు. ఒకడు కీమన్. కీమన్ రోజూ పొద్దున్నే భుజాన సుత్తి, స్పానరు, సంచిలో ఎర్రజెండా, ఆకుపచ్చజెండా పెట్టుకుని తన దూరమంతా నడుస్తాడు. పోయేటప్పుడు ఒక పట్టా చూస్తూ, వచ్చేటప్పుడు రెండోది చూస్తూ. వదులైన బిగింపు కనిపిస్తే కొట్టి బిగిస్తాడు. ఎక్కడన్నా పగులు కనిపిస్తే జెండా చూపి బండి ఆపుతాడు. తక్కిన గ్యాంగు కంకర పని చేస్తుంది. కుంగినచోట పట్టాను ఎత్తి, స్లీపరు కిందికి కంకర కూరడానికి బీటరు అని ఒక పనిముట్టు వుంటుంది. పలుగులాగే వుంటుంది గాని దాని కొన మొద్దుగా వుంటుంది. నలుగురు ఎదురెదురుగా నిలబడి, పదం పాడుకుంటూ, లయ తప్పకుండా కొట్టేవారు. లయ తప్పితే దెబ్బ పక్కవాడి కాలిమీద పడుతుంది మరి. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని పెద్ద పెద్ద యంత్రాలు చేస్తున్నాయి. చెక్క స్లీపర్ల చోట సిమెంటు స్లీపర్లు వచ్చాయి. ఒక్కొక్కటి పావు టన్ను పైమాటే.

మా మెట్టలో ఈ కట్టకు శత్రువులు ఇద్దరు. ఒకటి ఎండ, రెండు నీరు.

ఎండ సంగతి చూడండి. ఇనుము వేడికి సాగుతుందని మన పిల్లలు బడిలో చదువుతారు. పదమూడు మీటర్ల పట్టా నలభై డిగ్రీలు వేడెక్కితే సుమారు ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే పూర్వం పట్టాకూ పట్టాకూ మధ్య సన్నని సందు వదిలేవారు. ఆ సందుల మీద చక్రం పడినప్పుడు వచ్చేదే మనం చిన్నప్పుడు విన్న టకటక చప్పుడు. ఇప్పుడు పట్టాలను అతికి మైళ్ళపొడుగున ఒకటే చేశారు. చప్పుడు పోయింది, ప్రయాణం మెత్తనయింది. కాని సాగడానికి చోటు లేదు కనుక, కంకర సరిగా లేనిచోట మే నెల ఎండకు పట్టా పాములా పక్కకు వంకర తిరగవచ్చు. మనం కిటికీ తెరలు దించుకుని మజ్జిగ తాగే మిట్టమధ్యాహ్నం వేళ, దాన్ని కనిపెట్టడానికి ఒక మనిషి ఆ కట్ట మీద నడుస్తుంటాడు. చెట్టు నీడ కూడా వుండదు అక్కడ.

నీటి సంగతి ఇంకా కఠినం. మున్నేరు, వైరా, బుడమేరు పేరుకు చిన్నవే. ఎండాకాలంలో పిల్లలు ఇసకలో ఆడుకుంటారు. ఒక్కరాత్రి పైన వానపడితే చాలు, తెల్లారేసరికి గుర్తుపట్టలేం.

1954 సెప్టెంబరు చివర, ఇదే పాత నిజాం లైను మీద, జనగామ దగ్గర యశ్వంతాపూర్ వాగు వరదకు వంతెన దెబ్బతిన్నది. రాత్రిపూట ఎక్స్‌ప్రెస్ బండి దాని మీదికి వచ్చింది. ఇంజను, ముందు పెట్టెలు నీళ్ళలో పడి 139 మంది చనిపోయారు. రెండేళ్ళకు, 1956 సెప్టెంబరు 2న, మహబూబ్‌నగర్ దగ్గర మళ్ళీ అటువంటిదే. వందమందికి పైగా పోయారు. అప్పుడు రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు. తన బాధ్యతేనని రాజీనామా ఇచ్చారు. నెహ్రూగారు ఒప్పుకోలేదు. ఆ నవంబరులో తమిళదేశంలో అరియలూరు దగ్గర ఇంకో వంతెన కూలి ఇంకో బండి పడేసరికి శాస్త్రిగారు మళ్ళీ రాజీనామా ఇచ్చి, ఈసారి తప్పుకున్నారు. శాస్త్రిగారి రాజీనామా గురించి అందరికీ తెలుసు. దానికి మొదలు మన తెలుగునేల మీద ఒక చిన్న వంతెన అన్న సంగతి ఎంతమందికి తెలుసు?

అదంతా పాతకాలం అనుకోవద్దు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున, నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర, పైనున్న చెరువు తెగి వచ్చిన నీటికి రైలుకట్ట కోసుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాదు పోయే డెల్టా పాసింజరు అక్కడ పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో గుంటూరు, తెనాలి వైపు ఇళ్ళల్లో ఎంత ఏడుపో, చూసినవారు మర్చిపోరు.

ఇలాంటి రాత్రుల కోసమే వానాకాలం కాపలా పెట్టారు. దాన్ని పెట్రోలింగు అంటారు. రాత్రంతా ఒక మనిషి దీపం పట్టుకుని తన దూరం నడిచి, చివర పక్కవూరి కాపలావాణ్ణి కలుసుకుని, చేతిపుస్తకాలు మార్చుకోవాలి. ఆ పుస్తకం మారితేనే ఇద్దరూ పూర్తిగా నడిచారని రుజువు. ఇంట్లో కూర్చుని నడిచానంటే కుదరదు. కట్ట తెగిందనుకోండి. అక్కడ ఎర్రదీపం నిలబెట్టి, బండి వచ్చే దిక్కుకు పరుగెత్తాలి. పన్నెండువందల మీటర్ల దూరాన, పదేసి మీటర్ల ఎడంలో పట్టామీద మూడు డిటొనేటర్లు పెట్టాలి. చక్రం ఎక్కగానే తుపాకీ పేలినట్టు పేలతాయవి. డ్రైవరుకు ఆ వానలో దీపం కనపడకపోయినా చప్పుడు వినపడుతుంది, బ్రేకు వేస్తాడు. పన్నెండువందల మీటర్లు ఎందుకంటారా? వేగంగా వచ్చే బండి బ్రేకు వేసినచోట నిలబడదు, చాలా దూరం పోయిగాని ఆగదు. ఇప్పుడు ఆ కాపలావాళ్ళ చేతికి మంచి టార్చీలైట్లు, వాళ్ళు ఎక్కడున్నదీ ఆఫీసుకు తెలిపే జి.పి.ఎస్. పరికరాలూ వచ్చాయి. కాళ్ళు మాత్రం వాళ్ళవే.

2024 ఆగస్టు 31 రాత్రి మా వైపు కురిసిన వాన మీకందరికీ గుర్తుండే వుంటుంది. విజయవాడలో బుడమేరు ఇళ్ళల్లోకి వచ్చింది. రాయనపాడు స్టేషను నీట మునిగింది. అదే రాత్రి మహబూబాబాదు అవతల కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి, పట్టాలు వుత్తగా గాలిలో వేలాడాయి. వందలాది బండ్లు ఆపేశారు. కాని ఆ తెగిన కట్ట మీదికి ఏ బండీ రాలేదు. 1954కూ 2024కూ వున్న తేడా అదే. వందల మంది పనివాళ్ళు రాత్రింబవళ్ళు వానలోనే కంకర పోసి, మూడు నాలుగు రోజుల్లో మళ్ళీ బండి కదిలించారు. పేపర్లలో నీటిలో వేలాడే పట్టాల ఫోటో పెద్దదిగా వచ్చింది. పట్టాలు నిలబెట్టినవాళ్ళ ఫోటో ఏ మూలో చిన్నదిగా వచ్చింది.

ఇక మా జగ్గయ్యపేట మాట చెప్పి ముగిస్తాను.

ఆఖరుకు జగ్గయ్యపేటకు రైలు వచ్చిందండీ. మధిర దాటాక మోటమర్రి దగ్గర చీల్చి ముప్పై కిలోమీటర్లకు పైగా లైను వేశారు. తరవాత దాన్ని మేళ్ళచెరువు మీదుగా విష్ణుపురం దాకా పొడిగించారు. అంటే డెల్టా పాసింజరు పోయే ఆ గుంటూరు - బీబీనగర్ లైనుకు కలిపారన్నమాట. మావాళ్ళు ఎంతో సంబరపడ్డారు. తీరా చూస్తే దాని మీద తిరిగినవి సిమెంటు బండ్లు, బొగ్గు బండ్లు. మా గుట్టల్లో సున్నపురాయి వుంది, చుట్టూ సిమెంటు కర్మాగారాలున్నాయి. 1889లో బొగ్గున్న దారిని పోయిన రైలు, వందేళ్ళ తరవాత రాయి వున్న దారిని వచ్చింది. మనుషులెక్కే పాసింజరు బండి కోసం జగ్గయ్యపేటవాళ్ళు అర్జీలు పెడుతూనే వచ్చారు. గూడ్సు బండి కూత వింటూ బస్సుస్టాండుకు నడిచిన ఆడవాళ్ళు ఎంతమందో.

బస్సులున్నాయి కదా, రైలెందుకు అంటారు కొందరు. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ పక్కన ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీరు వచ్చింది. విజయవాడ - హైదరాబాదు రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజున ఆసుపత్రికి పోవాల్సిన గర్భిణీ స్త్రీని తలుచుకోండి. రెండో దారి ఎందుకో తెలుస్తుంది. అదీగాక, మా పల్లెల నుంచి కాలేజీకి వెళ్ళే ఆడపిల్లకు నెల పాసుతో పోయే పాసింజరు బండి ఎంత ఆసరా! పిల్లను పంపడానికి తండ్రి వెనకాడడు, తల్లి గాజు అమ్మక్కర్లేదు. మోటమర్రి నుంచి విష్ణుపురం దాకా రెండో లైను వేయడానికి కూడా మంజూరు వచ్చింది. రెండో లైను పడితే గూడ్సు బండ్లకు అడ్డం లేకుండా పాసింజరుకు చోటు దొరకాలి. అది అడగవలసింది మనమే. అఘోరనాథులవారు 1883లో అడిగిన ప్రశ్న ఇంకా చెల్లుతుంది.

అడిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకుందాం. పాసింజరు బండి వచ్చినా, దాన్ని నడిపేది ఆ కట్ట మీద మనుషులే. వాళ్ళల్లో ఇప్పుడు ఆడవాళ్ళూ వున్నారు. గ్యాంగ్‌మన్ అనే పేరు పోయి ట్రాక్ మెయింటెయినర్ అని వచ్చింది. భర్త డ్యూటీలో పోతే ఆ వుద్యోగం తీసుకున్నవాళ్ళు కొందరు, పరీక్ష రాసి వచ్చినవాళ్ళు కొందరు. చీరకొంగు బిగించి, పైన నారింజరంగు చొక్కా వేసుకుని, పార పట్టుకుని కంకర ఎత్తుతుంటారు. ఆ మధ్య ఒక చిన్న స్టేషనులో బండి ఆగినప్పుడు అలాంటి ఒకావిడ నా కిటికీ పక్కన నిలబడింది. "ఎండలో కష్టం కదమ్మా" అన్నాను. "ఎండదేముందమ్మా, అలవాటే. రెండో లైను మీద బండి వస్తే చప్పుడు వినపడదు, అదీ భయం" అంది. ఒక పట్టామీద పని చేస్తూ వుంటే పక్క పట్టామీద వచ్చే బండి ఎంతమందిని పొట్టన పెట్టుకుందో. వాళ్ళకు ముందుగా హెచ్చరిక అందే పరికరాలు, ఎండలో తాగే నీరు, ఆడవాళ్ళకు మరుగు. ఇవి గొప్ప కోరికలా చెప్పండి?

ఈసారి మీరు రైల్లో పోతూ వుండగా, వూరూ పేరూ లేనిచోట బండి నెమ్మదిగా నడిచిందనుకోండి. "ఈ బండి ఎప్పుడూ ఇంతే" అని విసుక్కోకండి. చాలాసార్లు అక్కడ కట్టపని జరుగుతూ వుంటుంది, మెల్లగా పొమ్మని డ్రైవరుకు ముందే కాగితం ఇచ్చి వుంటారు. కిటికీలోంచి చూడండి. పట్టాల పక్కన పారలు దించి నలుగురైదుగురు నిలబడి వుంటారు. పిల్లల్ని లేపి చూపించండి. "వీళ్ళేరా నిన్న రాత్రి మనల్ని వూరు చేర్చింది" అని చెప్పండి. పిల్లలు చెయ్యి వూపితే వాళ్ళూ తప్పకుండా చెయ్యి వూపుతారు.